ఎడమ ఇంజనుకి దిష్టి

పనిలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికొచ్చినప్పుడు ఒకటే అడుగుతారు, "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదమ్మా?" అని. తుఫాను గురించో, మునగబోయిన ఓడ గురించో చెబుతాననుకుని టీ గ్లాసు పట్టుకుని ముందుకు వంగుతారు. నేను స్టార్టవని ఇంజను గురించి మొదలుపెడతాను. వాళ్ళ ముఖాలు కాస్త వాడిపోతాయి. స్టార్టవని ఇంజను పెద్ద కేసేమీ కాదని నాకూ తెలుసు. విప్పుతారు, పోయిన సామాను మారుస్తారు, అయిపోతుంది. కానీ నాలుగు రోజులు బుద్ధిగా స్టార్టయి, ఐదో రోజు మొండికేసి, మేస్త్రీ గుమ్మంలో కనబడగానే మళ్ళీ మంచిదైపోయే ఇంజను ఉంటుంది చూడండి, దానితో వేగడమే కేసు.

పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్ళంతా చల్లగా ఉన్నారు. చదివితే ఎవరు ఎవరో వాళ్ళకు తెలుస్తుంది, అది చాలు.

విశాఖపట్నం పోర్టులో లాంచీలు తిప్పే ఒక కంపెనీలో నేను ఖలాసీగా చేశాను. మా ఆయన అక్కడే ఇంజన్లకు నూనె పోసే పని చేసేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. చదివింది ఏడో తరగతి. ఆడమనిషిని సముద్రం మీదికి పంపడం ఎందుకని బ్యాటరీల గదిలో వేశారు. బ్యాటరీల్లో నీళ్ళు చూడటం, తక్కువైతే పొయ్యడం, తీగలు బిగించిన చోట తెల్లగా పట్టిన పొడిని వేడినీళ్ళతో కడిగి వ్యాసిలీను రాయడం, ఇదీ నా పని. కూర్మన్నపాలెం నుంచి బస్సు. ఉక్కు ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు ఆ బస్సులో నిద్రపోతూ భుజాల మీద వాలిపోతుంటే, వాళ్ళను లేపకుండా దిగడం కూడా నా ఉద్యోగంలో భాగమే అనుకునేదాన్ని.

రాత అంతంత మాత్రం గానీ జ్ఞాపకం మాత్రం గట్టిది. ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజు నా క్యారేజీలో ఉన్న కూరను బట్టి చెప్పగలను. బెండకాయ పులుసు రోజా, నెత్తళ్ళ వేపుడు రోజా అన్నది గుర్తొస్తే చాలు, ఆ రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా దాని వెనకాలే వచ్చేస్తుంది. దీన్ని చూసి అందరూ నవ్వేవారు. ఈ కథలో అదే పనికొచ్చింది కాబట్టి చెప్పాను, గొప్పకి కాదు.

మా లాంచీల్లో ఒకటి రెండు ఇంజన్లది. బయట సముద్రంలో ఆగిన ఓడల దగ్గరికి పైలట్లను తీసుకెళ్ళి దింపడం దాని పని. ఓడను కాలవలోంచి లోపలికి తెచ్చేది ఆ పైలట్లే. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటితే అలల తీరే మారిపోతుంది. ఒక ఇంజను ఆగినా రెండోది ఇంటికి చేర్చాలని రెండు పెడతారు.

దాన్ని నడిపే సరంగు యారాడ మనిషి. తాత ముత్తాతల నుంచి సముద్రం మీద బతికినవాళ్ళు. మా ఆయనకు స్నేహితుడు, నన్ను "సెల్లెమ్మా" అనేవాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా లాంచీ నడిపాడు, ఒక్క జెట్టీకి గీత పడనివ్వలేదు. అప్పటికి రిటైర్మెంటుకి ఏడాది ఉంది.

ఆ లాంచీని పెద్ద మరమ్మతుకు పంపి తెచ్చారు. సరంగు నిలబడే అద్దాల గదిలో పాత ఇత్తడి లీవర్లు తీసేసి కొత్తవి పెట్టారు. ఎడమ ఇంజనుకొకటి, కుడి ఇంజనుకొకటి, నల్లగా, నాజూగ్గా, పక్కపక్కనే, వాటి వెనకాల పైకి లేచిన చిన్న గట్టు. ముందుకు తోస్తే బోటు ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, నిట్టనిలువుగా ఉంటే న్యూట్రల్. పాతవాటికి లేని గుణం ఒకటి వీటికి ఉంది. న్యూట్రల్‌లో ఉంటేనే తాళం తిప్పితే ఇంజను అందుకుంటుంది. గింజంత ఇటూ అటూ ఉన్నా లోపల చిన్న స్విచ్చి కరెంటు ఆపేస్తుంది. గేరులో ఉండగా స్టార్టయి బోటు ఎగిరి ఎవరినీ గుద్దకూడదని అలా చేస్తారట. మంచిదే.

శుక్రవారం లాంచీ వచ్చింది. శనివారం పొద్దున్న పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాం. నేను దండ గుచ్చి తెచ్చాను. నిమ్మకాయ, ఏడు మిరపకాయలు. ప్రతి శనివారం అన్ని లాంచీలకూ దండలు గుచ్చడం ఎవరూ చెప్పకుండానే నా పనైపోయింది. ఒకప్పుడు లాంచీ ముక్కుకి కట్టేవారు, ఉప్పునీళ్ళు కొట్టి పూట తిరక్కుండా ఊడిపోయేది. అద్దం ముందు కడితే దారి కనబడటం లేదని పైలట్లు విసుక్కున్నారు. అందుకని సరంగు ఎడమ లీవరు మెడకు కట్టడం అలవాటు చేశాడు. ఇత్తడి లీవర్ల రోజుల్నించీ అదే చోటు.

పూజ అయ్యాక కాలవలో ఒక చుట్టు తిరిగొచ్చి ఇంజన్లు ఆపారు. మళ్ళీ తాళం తిప్పితే కుడిది స్టార్టయింది. ఎడమది ఉలకలేదు, పలకలేదు. కనీసం 'టిక్' అని కూడా అనలేదు.

మా ఎలక్ట్రీషియన్ విజయనగరం వైపు రైతుబిడ్డ. సరంగూ అతనూ ఒకరినొకరు 'బావా' అనుకునేవారు, నన్ను అక్క వరసలో 'అప్పా' అనేవాడు. వచ్చీ రాగానే నా మీద పడ్డాడు.

"అప్పా, నీ బేటరీ తొంగున్నట్టుంది."

"నా బేటరీలు తొంగోవు. నువ్వే తొంగుంటావ్, మజ్జానం అన్నం తిన్నాక."

బ్యాటరీలు అటువి ఇటు, ఇటువి అటు మార్చి చూశాడు. కుడి ఇంజను ఏ బ్యాటరీ పెట్టినా స్టార్టయింది. నాకు కాస్త ఊపిరొచ్చింది. అప్పుడతను అద్దాల గదిలోకి వెళ్ళి, దండ విప్పి భక్తిగా పక్కనున్న మేకుకి తగిలించి, స్విచ్చీల పెట్టె తెరిచి, తాళం తిప్పాడు. ఎడమ ఇంజను ఒక్క ఊపులో లేచింది.

"నానంటే బయం బావా దీనికి," అన్నాడు.

"నీ మొకం సూత్తే ఇంజనే కాదు, తొంగున్నోడైనా లేసి పరిగెడతాడు," అన్నాడు సరంగు.

అందరం నవ్వుకున్నాం. పెట్టె మూశాడు, దండ మళ్ళీ లీవరుకి కట్టేశాం. సోమవారం మళ్ళీ మొండికేసింది.

అలా మొదలైంది. అతను వస్తాడు, దండ తీస్తాడు, పెట్టె తెరుస్తాడు, స్టార్టవుతుంది. పుస్తకంలో 'చూశాం, బాగుంది' అని రాస్తాడు. వెళ్ళాక రెండు రోజులకో, వారానికో మళ్ళీ అదే. తీగలు మార్చాడు. తాళం మార్చాడు. లీవరు కింద ఉండే ఆ చిన్న స్విచ్చి కూడా విప్పి చూశాడు, దండ పక్కన పెట్టి మరీ చూశాడు, శుభ్రంగా పనిచేసింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. రెండో శనివారం పాత దండ తీసి కొత్తది కడదామని వెళ్ళాను. పాత దండలో నిమ్మకాయ మీద ఒక పక్క నెలవంకలా లోతుగా నొక్కు పడి, నల్లగా కమిలిపోయి ఉంది. మిగిలిన లాంచీల దండలన్నీ మామూలుగా ఎండాయి, దీనికే ఇలా ఎందుకైంది? తీసుకెళ్ళి సరంగుకి చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఓలమ్మో, ఎంత దిష్టి తగిలిందో సూడు సెల్లెమ్మా! కాయ తీసుకోబట్టి సరిపోనాది. నేకపోతే ఇంజనే పోవును."

"మరమ్మతు నుంచి మెరిసిపోతా వచ్చింది కాదా అన్నా, అందరి కళ్ళూ దీని మీదే ఉన్నాయి," అన్నాను నేను.

ఎలక్ట్రీషియన్ కూడా చూశాడు. కరెంటు చదువు చదివినవాడు, నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పెద్ద కాయ కట్టప్పా," అన్నాడు.

కట్టాను. ఆ తర్వాతి వారం రెండు కాయలు. ఆ తర్వాత మూడు. పూర్ణా మార్కెట్లో బుట్టలన్నీ తిరగేసి, గట్టిగా, నిండుగా ఉన్న కాయలే ఏరేదాన్ని. ప్రతి శనివారం నొక్కు పడ్డ కాయ తీసి అందరికీ చూపించేదాన్ని. ఇంజను మొండితనం పెరుగుతున్న కొద్దీ నా కాయలు పెరిగాయి. కాయలు పెరుగుతున్న కొద్దీ ఇంజను మొండితనం పెరిగింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి ఇప్పుడు చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది. అప్పట్లో మేం వాటిని పక్కపక్కన పెట్టుకోలేదు.

ఇదంతా జెట్టీ దగ్గర జరిగినంతకాలం నవ్వులాటగానే ఉంది. ఒక సోమవారం అలా కాలేదు. ఆ రోజు నా క్యారేజీలో దోసకాయ పప్పు. పైలట్‌ని ఓడ మీద దింపి వస్తుంటే, కొట్టుకొచ్చిన వల ముక్క నీళ్ళలో తిరిగే ఎడమ పంకాకి చుట్టుకుంది. ఇంజను ఆపి, కొక్కెం కర్రతో లాగి తీశారు. మళ్ళీ స్టార్ట్ చేద్దామంటే ఎడమది లేవలేదు. ఆ రోజు గాలి ఉంది. ఒక్క ఇంజను మీద, కొండ మొన దగ్గర పక్కకు తోసేసే అలల్లో, సరంగు లాంచీని మెల్లగా నడిపించుకుంటూ తెచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పుడే ఇంకో ఓడకి వెళ్ళాల్సిన పైలట్ జెట్టీ మీద గంటకు పైగా నిలబడ్డాడు. మాట పైదాకా పోయింది.

మా ఇంజనీరు చిన్నవాడు, హైదరాబాదు వైపు నుంచి వచ్చాడు. మర్యాదస్తుడే. ఎవరినీ ఏకవచనంలో పిలవడు. కాగితాలన్నీ తిరగేసి, ఎలక్ట్రీషియన్ రాసిన 'బాగుంది, బాగుంది' అన్నీ చదివి, ఒక మాటకొచ్చాడు. సామాను బాగుంది, మేస్త్రీ చేతిలో ఎప్పుడూ స్టార్టవుతోంది, సరంగు చేతిలోనే అవడం లేదు. అంటే కొత్త లీవరును సరంగు సరిగ్గా న్యూట్రల్‌లో పెట్టడం లేదు. శనివారం తన ఎదుట పదిసార్లు స్టార్ట్ చేసి చూపించాలి. ఒక్కసారి తప్పినా సరంగును లాంచీ మీంచి దింపి, మిగిలిన ఏడాదీ యార్డు గేటు దగ్గర వేస్తారు. ఇదంతా కాగితం మీద పెట్టి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నారు.

సరంగు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా బ్యాటరీల గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"గేటు కాడ కూకోడానికి నాకు సిగ్గు నేదు సెల్లెమ్మా. అదీ ఉద్దోగమే. గాని ఈడి సెయ్యికి న్యూట్రల్ తెల్దు అనీసి రాసీసినారు కాదా, అదెలగ తుడుపుతాను?"

కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. తాళ్ళు లాగి లాగి అరచెయ్యి చెక్కలా అయిపోయింది.

"నాను న్యూట్రల్‌లోనే ఎట్టేను. నా సెయ్యి నాకు తెల్దేటి?" అన్నాడు. మళ్ళీ చిన్నగా, "ఏటో, తెల్దేమో," అన్నాడు.

ఆ రెండో మాటే నన్ను ఆ వారమంతా నిద్రపోనివ్వలేదు.

గురువారం ఎలక్ట్రీషియన్ ఎడమ ఇంజను స్టార్టర్ విప్పాడు. వన్ టౌన్‌లో స్టార్టర్లు, మోటార్లు చుట్టే ఒక ముసలి సాయిబు గారున్నారు. మా కంపెనీ పనులన్నీ ఆయన దగ్గరికే పోతాయి. స్టార్టర్ బరువు, ఒక్కడూ మొయ్యలేనంటే నేనూ ఆటోలో కూర్చున్నాను. సాయిబు గారు దాన్ని బల్ల మీద పెట్టి, తీగలు తగిలించి, రయ్యిమని తిరుగుతుంటే కళ్ళు మూసుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"దీనికేం లేదు బాబూ. మూడుసార్లు తెచ్చావ్, మూడుసార్లూ మంచిదాన్నే తెచ్చావ్."

"మరి స్టార్ట్ అవదేటి బాయ్?"

"అది దీన్నడిగితే ఏం చెప్తాది? ఎప్పుడెప్పుడు ఆగుతాందో రాసుకున్నారా?"

ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు. తను వచ్చిన రోజులు రాశాడు గానీ, ఇంజను ఆగిన రోజులు రాయలేదు. నేను వేళ్ళు మడవడం మొదలుపెట్టాను.

"మొదటిసారి శనివారం బాయ్, పులిహోర. తర్వాత సోమవారం, బెండకాయ పులుసు. మరి ఆ వారం ఆగలేదు. పై ఆదివారం, నెత్తళ్ళు. సోమవారం, ఆనపకాయ. పై వారం శనివారం నాడే, టమాటా పచ్చడి. పై వారం గురువారం, తోటకూర. మొన్న సోమవారం దోసకాయ పప్పు."

"అప్పా, ఆయన వంటోడు కాదు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

సాయిబు గారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. నా వేళ్ళ వైపే చూస్తున్నారు.

"శని, ఆది, సోమ. మళ్ళీ శని, ఆది, సోమ. మంగళవారం లేదు, శుక్రవారం లేదు. మెషీన్‌కి శనివారమని తెల్దమ్మా. వారాలు తెలిసింది మనిషికే. శనివారం మీరేం చేస్తారో చూసుకోండి."

"మరి గురువారం ఒకటొచ్చింది కాదా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"దాని ముందు రోజు, బుధవారం, ఏం చేశారో అదీ చూసుకోండి."

తిరిగొస్తూ ఆటోలో ఆలోచించాం. శనివారం మేం చేసేది లాంచీ మొత్తం కడగడం. బుధవారం? ఎలక్ట్రీషియన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ బుధవారం నూనె ఒలికిందని అద్దాల గది కూడా కడిగారు! నీళ్ళు! స్విచ్చీల పెట్టెలోకి నీళ్ళు దిగి, రెండు రోజుల్లో ఆరిపోతున్నాయి. దొరికిందిరా దొంగ అనుకున్నాం. ఆ సాయంత్రమే పెట్టె చుట్టూ రబ్బరు వేసి బిగించి, శనివారం చుక్క నీళ్ళు పడకూడదని అందరికీ చెప్పాడు. బుధవారం నూనె తుడిచాక "కొత్త దండ కట్టప్పా" అని అతనే అన్నాడనీ, నేను కట్టాననీ ఇద్దరికీ గుర్తుంది. అది చెప్పుకోవాల్సిన సంగతిగా ఇద్దరికీ తోచలేదు. దండ కట్టడం మేం చేసే పనుల్లోకి రాదు కదా, అది దేవుడి వైపు లెక్క.

శనివారం తెల్లవారింది. ఆ రోజు కట్టిన దండ నా సర్వీసులోనే పెద్దది. మూడు కాయలు, ఒక్కోటి చిన్నపిల్ల పిడికిలంత ఉంది. సరంగు తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నేను లీవరుకి దండ కడుతుంటే, "గట్టిగా కట్టు సెల్లెమ్మా," అన్నాడు. గట్టిగానే కట్టాను.

ఇంజనీరు గారు పుస్తకం పట్టుకుని అద్దాల గదిలో నిలబడ్డారు. ఎలక్ట్రీషియన్ పెట్టె పక్కన. నేను గుమ్మం బయట, లోపలికి కనబడేలా. ఒక్కోసారికీ లీవరు ముందుకు, వెనక్కి కదిపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ఆపి, మళ్ళీ స్టార్ట్ చెయ్యాలి.

మొదటిసారి రెండూ లేచాయి. రెండోసారి రెండూ లేచాయి. ఎలక్ట్రీషియన్ నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. నీళ్ళే, చూశావా, అన్నట్టు.

మూడోసారి సరంగు మొదట వెనక్కి లాగి, తర్వాత ముందుకు తోసి, ముందు నుంచి న్యూట్రల్‌కి తెచ్చాడు. కుడిది లేచింది. ఎడమది లేవలేదు.

"లీవరు చూడండి," అన్నారు ఇంజనీరు గారు.

"న్యూట్రల్‌లోనే ఉన్నాది సార్."

"ఒకసారి నన్ను చూడనివ్వండి."

ఆయన లీవరు పట్టుకుని గట్టిగా వెనక్కి ఒక గుంజు గుంజారు. లోపల ఎక్కడో 'టక్' మంది. తాళం తిప్పారు. ఎడమ ఇంజను లేచింది. ఆయన సరంగు వైపు తిరిగారు. కోపం లేదు, జాలిగానే అన్నారు, "చూశారా? పూర్తిగా రాలేదు. మీ చెయ్యి కొంచెం ముందే ఆగిపోతోంది."

సరంగు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బడిలో దెబ్బలు తిన్నవాళ్ళు దాచుకున్నట్టు.

అప్పుడు వచ్చింది వాసన. నిమ్మవాసన, గుప్పుమని, డీజిల్ వాసనను తోసుకుంటూ గది బయటిదాకా వచ్చింది. ఇంజనీరు గారు కూడా ముక్కు ఎగబీల్చి, చొక్కా చేతి మీద పడ్డ చుక్కలు చూసుకున్నారు. నా చూపు దండ మీదికి పోయింది. లీవరు వెనకాల ఉన్న గట్టుకీ లీవరుకీ మధ్య వేలాడుతున్న కాయ పగిలి రసం కారుతోంది. దాని మీద నెలవంకలా నొక్కు. నెల రోజులుగా నేను జెట్టీ అంతా తిప్పి అందరికీ చూపించిన నొక్కే. అచ్చు అదే.

దిష్టి కాదు. లీవరు నొక్కింది. లీవరు ముందుకు పోయినప్పుడు కాయ ఆ సందులోకి జారుతుంది. వెనక్కి తెచ్చేసరికి మధ్యలో ఇరుక్కుని, గింజంత దూరం ముందే ఆపేస్తుంది. శనివారం కాయ నిండుగా ఉంటుంది, మంగళవారానికి ఎండి చిక్కిపోతుంది. మేస్త్రీ వస్తే ముందు దండ తీసేస్తాడు. ఇత్తడి లీవర్లకు ఆ స్విచ్చీ లేదు, ఆ గట్టూ లేదు. ఇంత పొడుగు రాయడానికి ఇంతసేపు పట్టింది గానీ, అప్పుడు ఇవన్నీ ఒకేసారి నెత్తిన పడ్డాయి.

చెబితే తప్పు నాది. చెప్పకపోతే తప్పు ఆయనది. ఇందులో ఆలోచించేదేం లేదు. అంతమంది మగవాళ్ళున్నా, ఆఫీసరున్నా, గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాను.

"బాబూ, ఆ దండ ఒక్కపాలి తీయించండి."

"దండా?"

"అవును బాబూ. తీసీసి, మా అన్న సేతే ఎట్టించండి. ఎన్నిసార్లైనా ఎట్టించండి."

సరంగు నా వైపు ఎలా చూశాడంటే, ఈ సమయంలో దేవుడి దండ తియ్యమంటావా అన్నట్టు. అయినా దండ మీద చెయ్యి వేశాడు. గట్టిగా కట్టిన ముడి రాలేదు. నేనే లోపలికి వెళ్ళి విప్పాను, కట్టింది నేనే కాబట్టి.

స్టార్ట్ చేశాడు. లేచింది. ముందు నుంచి తెచ్చాడు, వెనక నుంచి తెచ్చాడు. నాలుగు, ఐదు, ఆరు. ఎలక్ట్రీషియన్ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది. "చాలు" అని ఎవరూ అనలేదు. పదమూడు దాకా పోయాక ఇంజనీరు గారు చెయ్యెత్తారు.

"ఇప్పుడు అది మళ్ళీ కట్టండి."

కట్టాను. పగిలిన కాయ పక్కకి తిప్పి, నిండు కాయ సందులోకి వచ్చేలా. ఈసారి లీవరు ఆయనే పట్టుకున్నారు. ముందుకు తోశారు, జాగ్రత్తగా న్యూట్రల్‌కి తెచ్చారు, ఇంజను ఆపారు, తాళం తిప్పారు. ఎడమది ఉలకలేదు. మళ్ళీ తిప్పారు. ఉలకలేదు. ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నారు. తర్వాత సరంగు వైపు.

"నా చెయ్యి కూడా ముందే ఆగిపోతోందన్నమాట," అన్నారు.

గదిలో ఇంకా ఎవరూ నవ్వలేదు. నవ్వచ్చో లేదో తెలియలేదు.

"ఈ దండ ఎవరు కట్టారు?"

"నానే బాబూ," అన్నాను.

"కట్టమన్నది నాను సార్," అన్నాడు సరంగు.

"పెద్ద కాయ కట్టమన్నది నాను సార్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ప్రతిపాలీ తీసి, మల్లీ కట్టించింది కూడా నానే."

"అయితే మీ ముగ్గురూ కలిసి దీన్ని పెంచి పెద్దచేశారు."

అప్పుడు నవ్వారాయన. ముందు ఆయన నవ్వాక మేం నవ్వాం. సరంగు నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంజనీరు గారు సరంగుని ఆ కాగితం అడిగి తీసుకుని, మేం చూస్తుండగా మీద అడ్డంగా గీత కొట్టి, కింద ఒక వాక్యం రాసి సంతకం పెట్టారు. సరంగుకి ఇంగ్లీషు రాదు, నాకూ రాదు. ఎలక్ట్రీషియన్ చదివి చెప్పాడు. "సరంగు లీవరును ప్రతిసారీ సరిగ్గానే పెట్టారు."

"మల్లీ సదువు బావా," అన్నాడు సరంగు. మళ్ళీ చదివాడు.

ఆ రోజు చిక్కంతా రిపేరు పుస్తకం దగ్గరే వచ్చింది. లోపం ఏమిటి అన్నచోట ఎలక్ట్రీషియన్ 'లీవరు దగ్గర అడ్డు' అని రాశాడు. అడ్డు ఏమిటో రాయాలన్నారు ఇంజనీరు గారు. 'బయటి వస్తువు' అని రాశాడు. ఏ వస్తువో రాయాలన్నారు. అతను నా వైపు చూశాడు, సరంగు వైపు చూశాడు, చివరికి నిట్టూర్చి 'నిమ్మకాయలు, మూడు' అని రాశాడు. ఆ పుస్తకం ఇంకా ఆఫీసులో ఉంటుంది. ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

దండ మానేయమని ఆయన అనలేదు. అదీ గుర్తుంచుకోవాలి. "కట్టండి, కదిలేవాటికి మాత్రం కట్టకండి," అన్నారంతే. సోమవారం ఎలక్ట్రీషియన్ అద్దాల గది వెనక గోడకి, ఎవరికీ తగలనంత ఎత్తులో, ఒక ఇత్తడి కొక్కెం బిగించాడు. పాత లీవరు ముక్క కోసి చేశాడట. నేను మళ్ళీ ఒక్క కాయకి వచ్చేశాను. సాయిబు గారికి సంగతి చెబుదామని వెళితే, ఆయన చివరిదాకా విని, నిమ్మకాయ షర్బత్ తెప్పించారు. ఎలక్ట్రీషియన్ తాగలేదు. ఇప్పటికీ తాగడు.

ఇది చదివే మీరంతా నాకన్నా చదువుకున్నవాళ్ళు, మీకు నేను చెప్పే బుద్ధులేం లేవు. ఒక్కటి మాత్రం అడుగుతాను. మీ రిపేరు పుస్తకంలో మేస్త్రీ వచ్చిన రోజులే కాదు, మిషను ఆగిన రోజులు కూడా రాయండి. కూర పేరు రాయకపోయినా పర్వాలేదు.

సరంగు ఆ ఏడాదంతా లాంచీ మీదే ఉన్నాడు. చివరి రోజు శనివారమే పడింది. నేను దండ తెచ్చాను. పాత దండ కొక్కెం మీంచి తీసి కింద పెట్టబోతుంటే, "ఉండు సెల్లెమ్మా," అని నా చేతిలోంచి తీసుకున్నాడు. వారం రోజుల కాయ, ఎండి పసుపచ్చగా, చిన్నగా అయింది. దాన్ని వెలుతురుకి పట్టుకుని, చుట్టూ తిప్పి తిప్పి, నాలుగు పక్కలా చూశాడు. ఎక్కడా నొక్కు లేదు.

"సూసేవా?" అన్నాడు నాతో. "దిష్టి పోనాది."

వేళాకోళానికే అన్నాడో, నిజంగానే అన్నాడో ముఖం చూసి పోల్చుకుందామనుకున్నాను. అప్పటికే అటు తిరిగి లీవర్లు రెండూ న్యూట్రల్‌లో పెట్టి, తాళం తిప్పాడు.